ఇసుకలో ఓనమాలు: వాటాల వ్యాపారమున కల్పిత ధనముతోడి సాధన



మన పల్లెటూళ్ల వీధిబడులలో అక్షరాభ్యాసము ఎట్లు జరిగెడిదో మీకు నేను చెప్పనక్కరలేదు. పంతులుగారు నేలమీద ఇసుక పోసి, బాలుని చూపుడువ్రేలు పట్టుకొని ఓనమాలు దిద్దించెడివారు. తప్పు వచ్చినచో అరచేతితో ఇసుకను చదును చేసిన చాలును. తప్పు మాసిపోయెడిది, తాటియాకు చెడెడిది కాదు. ఇసుకలో చేయి కుదిరిన పిమ్మటనే బాలునకు గంటమును తాటాకును ఇచ్చెడివారు. విలువగల వస్తువును అప్పగించుటకు ముందు విలువలేని దానితో చేయి కుదుర్చుట మన పూర్వులకు సహజమైన పద్ధతి. ఈత రానివానిని ఎవరును గోదావరి వరదలో దింపరు. నడుమునకు బెండ్లు కట్టి ఊరి చెరువులో దింపుదురు. మేడి పట్టనివానికి తొలినాడే కోడెగిత్తలను పూన్చి ఇయ్యరు.

ధనము విషయమున మాత్రము మనుష్యుడు ఈ నీతిని మరచుచుండును. నేడు మీ యిండ్లలోని పిల్లలు చేతిలోని ఫోనుమీదనే కంపెనీల వాటాలను కొనుచున్నారు, అమ్ముచున్నారు. పైరు అమ్మిన సొమ్మో, పొలము అమ్మిన సొమ్మో, ఆడపిల్ల పెండ్లికై దాచిన సొమ్మో ఒక్క నిమిషములో అందు ప్రవేశించును. మనుమడు వచ్చి, "తాతయ్యా, రెండు లక్షలు ఇప్పించు, ఆరు నెలలలో రెట్టింపు చేసి యిస్తాను" అని అడుగును. కాదన్నచో పాతకాలపు మనిషి యని పిల్లవాడు చిన్నబుచ్చుకొనును. ఔనన్నచో రాత్రి నిద్ర పట్టదు. ఇట్టి యిరకాటమునబడిన పెద్దకు మూడవ మార్గమొకటి కలదు. "నాయనా, ముందు ఒక సంవత్సరము ఈ రెండు లక్షలను కాగితముమీద వ్రాసికొని వ్యాపారము చేసి చూపు, ఆ చిట్టా చూచి మాటాడుదము" అనుటయే ఆ మార్గము. ఈ పద్ధతి నేటిది కాదు. దీనికి నూట డెబ్బది సంవత్సరముల చరిత్ర కలదు. ఆ చరిత్రను మీకు విన్నవించుటయు, కాగితపు సాధన ఎంతవరకు పనికివచ్చునో, ఎచ్చట పనికిరాదో చెప్పుటయు ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

వాటా యన నేమో ముందుగా రెండు మాటలలో చెప్పెదను. ఊరిలో పదిమంది కలిసి తలకొక పదివేలు వేసికొని ధాన్యపు మిల్లు పెట్టిరనుకొనుడు. ఒక్కొక్కనిది పదవ వంతు వాటా. మిల్లు బాగుగా నడచునను నమ్మకము కలిగినచో ఆ వాటాను ఇరువదివేలకైనను కొనువాడుండును. మిల్లు మూతబడునను పుకారు పుట్టినచో అయిదువేలకును కొనువాడుండడు. యంత్రము అదే, వడ్లు అవే. మారినది జనుల ఆశయు భయమును. పెద్ద కంపెనీల వాటాలు ఇట్లు చేతులు మారు బజారునకే స్టాకు ఎక్స్ఛేంజి యని పేరు.

ఇక చరిత్రలోనికి పోవుదము. వినునంతసేపు ఒక ప్రశ్నను మనస్సున ఉంచుకొనవలెనని నా మనవి. ప్రతి వ్యవహారములోను, "ఇందులో కల్పితమేది, సత్యమేది?" అని అడుగుచుండుడు. ఈ రెండింటిని వేరుచేసి చూడలేకపోవుటచేతనే లోకములో ఎన్నో కాపురములు కూలినవి.

పందొమ్మిదవ శతాబ్దము నడిమి కాలమున అమెరికా దేశములో వర్తకవిద్య నేర్పు పాఠశాలలు బయలుదేరెను. 1850 తరువాతి పది సంవత్సరములలో బ్రయంట్, స్ట్రాటన్ అను నిరువురు పలు పట్టణములలో అట్టి పాఠశాలలను నెలకొల్పిరి. 1859లో హార్వే ఈస్ట్‌మన్ అను నతడు న్యూయార్కు రాష్ట్రమందలి పొకీప్సీ పట్టణమున మరియొక పాఠశాలను స్థాపించెను. ఈ పాఠశాలలలో లెక్కలను నల్లబల్లమీద చెప్పి ఊరకుండెడివారు కారు. పాఠశాలలోనే ఒక బ్యాంకు, కొన్ని అంగళ్లు, దళారి కచేరీలు ఏర్పరచి, పాఠశాల పేరిట అచ్చువేసిన నోట్లను విద్యార్థుల కిచ్చెడివారు. ఆ నోట్లు చూపునకు నిజమైన బ్యాంకు నోట్లనే పోలియుండెను. వాటిని సేకరించి దాచుకొనువారు ఆ దేశమున నేటికిని కలరు. ఒక విద్యార్థి వర్తకుడు, మరియొకడు బ్యాంకు గుమాస్తా, ఇంకొకడు దళారి. సరకునకు బదులు సరకు పేరు వ్రాసిన కాగితములను కొనుచు, అమ్ముచు, అప్పు తెచ్చుచు, వడ్డీ కట్టుచు, సాయంకాలమునకు చిట్టాలోని పద్దులన్నియు సరిపోవునట్లు చూపవలెను.

అచ్చట ధనము కల్పితము, సరకును కల్పితమే. అయినను లెక్క మాత్రము సత్యము. ఒక పద్దు తప్పినచో ఉపాధ్యాయుడు పట్టుకొనెడివాడు. ఆ బాలుడు పాఠశాల నోట్లతో దివాలా తీసినను ఇంటివద్ద తల్లిదండ్రుల పొలము చెక్కుచెదరదు. దివాలా ఎట్లు వచ్చినదో మాత్రము వాని చిట్టాలోనే వానికి కనబడును. ఈ బాలుర బ్యాంకును మీరు జ్ఞాపకముంచుకొనుడు. ఏలయనగా ఆ కొలది సంవత్సరములలోనే మన దేశమున పెద్దలే కల్పిత ధనముతో ఆడుకొనిరి. వారి లెక్క చూచు ఉపాధ్యాయుడు మాత్రము లేకపోయెను.

1861లో అమెరికా ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ యుద్ధము పుట్టెను. దక్షిణాది రేవులను ఉత్తరాది ఓడలు ముట్టడించుటచే ఇంగ్లండునందలి లాంకషైరు మిల్లులకు ప్రత్తి చేరుట నిలిచెను. మిల్లుల యజమానుల చూపు హిందూదేశముమీదికి మరలెను. మన ప్రాంతపు ప్రత్తియు కాకినాడ రేవున ఓడలెక్కెను. బొంబాయికి మాత్రము ధనము వరదవలె వచ్చిపడెను. ఆ ధనము ఊరక కూర్చుండక క్రొత్త కంపెనీలను వెదకెను. బ్యాంకులు, సముద్రమును పూడ్చి భూమి చేయు కంపెనీలు పుట్టగొడుగులవలె లేచెను. వానిలో మిక్కిలి పేరుపడినది బ్యాక్ బే కంపెనీ. అయిదువేల రూపాయల ఆ వాటా వెల పదింతలవరకు పెరిగినదని నాటి ముచ్చటలు వ్రాసినవారు చెప్పుదురు. ప్రేమచంద్ రాయచంద్ అను దళారి ఆ కాలపు బొంబాయికి రాజువంటివాడు. ఆయన మాట వెలువడినచో వాటా వెల పెరిగెడిది.

ఆ వ్యాపారమున పెద్ద భాగము వాయిదా బేరము. "ఈ వాటాను నేటి ధరకు కొంటిని, సొమ్ము మాత్రము ఫలానా తేదీన చెల్లించెదను" అని మాట యిచ్చుట. ఆ తేదీ రాకముందే దానిని మరియొకనికి ఎక్కువ ధరకు అమ్మివేయుదునని కొన్నవాని ధైర్యము. ఆ మరియొకనికి వేరొకని ఆశ. చేతిలో నూరు రూపాయలు లేనివాడు వేల బేరము చేయుటకు అడ్డు లేకపోయెను. పుస్తకములు తెరచి చూచినచో ఊరిలో ప్రతివాడును ధనికుడే. ఆ ధనమంతయు ఒకడు మరియొకనికి ఇచ్చెదనన్న మాట తప్ప వేరు కాదు.

1865 ఏప్రిలులో అమెరికా యుద్ధము ముగిసెను. ప్రత్తి ధర పడిపోయెను. ఎన్నో వాయిదాలకు గడువు ఆ సంవత్సరము జూలై 1వ తేదీ. ఆనాడు ఇచ్చువాడు లేక పుచ్చుకొనువాడు లేక, గొలుసులోని కడియములు ఒకటి వెనుక నొకటి తెగినట్లు వర్తకులు దివాలా తీసిరి. ఆ వాటాలమీద అప్పులిచ్చిన బొంబాయి బ్యాంకు తన మూలధనమును పోగొట్టుకొని మూతబడెను. 1868లో అదే పేరుతో వేరొక బ్యాంకును నెలకొల్పవలసివచ్చెను. ప్రేమచందును కుప్పగూలెను. ఆయన మంచిదినములలో చేసిన దానముతో, ఆయన తల్లి పేరిట కట్టబడిన రాజాబాయి గడియారపు గోపురము మాత్రము 1878లో పూర్తియై నేటికిని బొంబాయిలో గంటలు కొట్టుచున్నది. దళారులు ఒక సంఘముగా ఏర్పడి నియమములు వ్రాసికొనుట 1875లో జరిగెను. నేటి బొంబాయి స్టాకు ఎక్స్ఛేంజికి అదియే ఆరంభము.

ఇప్పుడు మన ప్రశ్నను అడుగుదము. పొకీప్సీ బాలుర ఆటలో ధనము కల్పితము, నష్టమును కల్పితము. బొంబాయి పెద్దల వాయిదాలలో ధనము కల్పితమే గాని నష్టము సత్యము. ఈ రెండును కాగితముమీదనే జరిగెను. మొదటిది విద్య యయ్యెను, రెండవది వినాశమయ్యెను.

మరల అమెరికాకు పోవుదము. 1867లో ఎడ్వర్డ్ కలహాన్ అను నతడు తంతితీగెలపై వచ్చు వాటాల ధరలను సన్నని కాగితపు పట్టీమీద అచ్చువేయు యంత్రమును నిర్మించెను. దానితో న్యూయార్కు బజారులోని ధర కొలది నిమిషములలో దూరపు పట్టణములకు తెలియసాగెను. దళారుల కచేరీలలో పెద్ద నల్లబల్ల యుండెడిది. యంత్రమునుండి వచ్చు ధరలను ఒకడు చదువుచుండగా ఒక కుఱ్ఱవాడు బల్లమీద సుద్దతో వ్రాసెడివాడు. బోస్టను పట్టణములో పెయిన్ వెబ్బర్ వారి కచేరీయందు అట్లు సుద్ద పట్టిన కుఱ్ఱవాడు జెస్సీ లివర్మూర్. 1877లో పుట్టిన రైతుబిడ్డ. తండ్రి వానిని పొలములో పెట్టదలచగా, పదునాలుగేండ్ల వయస్సున ఇల్లు విడిచి పట్టణము చేరెను.

లెక్కలయందు వానికి ఎంతో చురుకుదనము. దినమెల్ల అంకెలను వ్రాసి వ్రాసి, ధరలు పెరుగుటకు ముందు ఎట్లు నడచునో, పడుటకు ముందు ఎట్లు నడచునో కనిపెట్టసాగెను. ఒక చిన్న పుస్తకము కొని, ఫలానా వాటా రేపు ఇట్లు నడచునని తన ఊహను ముందుగా వ్రాసి, తరువాత నిజముగా జరిగినదానితో సరిచూచుకొనెడివాడు. 1923లో ఎడ్విన్ లఫేవర్ అను రచయిత ఈతని కథను పేరు మార్చి గ్రంథముగా ప్రకటించెను. అందులో ఈ పుస్తకమును గూర్చి ఒక విశేషము చెప్పబడినది. ఆ కాలమున ఎందరో కాగితముమీద లక్షలు సంపాదించి సంతోషించుచుండిరట. ఈ బాలుడు లక్షలను వ్రాయలేదు. నా ఊహ ఒప్పా, తప్పా అను ఒక్క సంగతిని మాత్రమే వ్రాసికొనెను. కాగితపు సాధనకు ఇంతకన్న మంచి నియమము నేటికిని లేదు. లాభమును వ్రాసికొనుచు పోయినవాడు తన్ను తాను పొగడుకొనుట నేర్చును. తప్పును తేదీతో వ్రాసికొన్నవాడు తన బుద్ధియొక్క కొలతను తెలిసికొనును.

ఈ బాలుడు పుస్తకమునుండి మొదట అడుగుపెట్టిన చోటు బకెట్ షాపు. పేరు వింతగా నున్నను పని తెలిసినదే. అది మన జాతరలలోని పందెపు బల్లవంటిది. గిరాకీదారుడు ఫలానా వాటా పెరుగునని చెప్పి కొద్దిపాటి బయానా కట్టును. దుకాణదారు చీటి వ్రాసి యిచ్చును. వాటాను ఎవరును కొనరు, అమ్మరు. ధర ఒక్క డాలరు తిరుగబడినచో బయానా దుకాణదారుని సంచిలో పడును. ఇందులో వాటా కల్పితము, సొమ్ము మాత్రము సత్యము. గిరాకీదారుని నష్టమే దుకాణదారుని లాభము గనుక, లివర్మూర్ తరచుగా గెలుచుట చూచి ఆ దుకాణములవారు వానిని గడప త్రొక్కనీయకపోయిరి. 1905లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము చికాగో ధాన్యపు ఎక్స్ఛేంజి తెచ్చిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ధరల సమాచారము ఎక్స్ఛేంజివారి సొత్తనియు, దానిని ఇట్టి దుకాణములకు ఇయ్యకుండుటకు వారికి హక్కు కలదనియు నిర్ణయించెను. ధరలు అందని పిమ్మట ఆ పందెపు బల్లలు క్రమముగా క్షీణించెను. ఈ తీర్పు సంగతి మరల వచ్చును.

దుకాణములు మూసిన తలుపులను విడిచి లివర్మూర్ న్యూయార్కు చేరి నిజమైన దళారులద్వారా నిజమైన వాటాల వ్యాపారము మొదలుపెట్టెను. అచ్చట వానికి క్రొత్త పాఠము ఎదురయ్యెను. 1901 మే 9వ తేదీన నార్తరన్ పసిఫిక్ అను రైలు కంపెనీ వాటాలకై ఇరుపక్షముల ధనికులు పోరాడగా ఆ వాటా వెయ్యి డాలర్లకు పోయెను. తక్కినవన్నియు కుప్పగూలెను. ధరలు పడునని లివర్మూర్ ముందే ఊహించెను, ఊహ నిజమయ్యెను. అయినను ఆనాడే ఉన్నదంతయు పోగొట్టుకొనెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. కారణమేమనగా, వాడు అమ్ముమన్నప్పుడు పట్టీమీద కనబడిన ధర వేరు, ఆజ్ఞ బజారు చేరునప్పటికి దొరకిన ధర వేరు. పుస్తకమునందును, పందెపు దుకాణమునందును కనబడిన ధరయే దొరకిన ధర. నిజమైన బజారులో అట్లు కాదు. సంతలో మిరపకాయల ధర విని ఇంటికి పోయి బండి కట్టుకొని వచ్చునప్పటికి ఏమగునో మీకు తెలియును.

కాగితపు సాధనకు ఇది మొదటి లోపము. రెండవది ఇంకను లోతైనది. ఆ గ్రంథముననే ఒక ముచ్చట యున్నది. గాజుపాత్ర కాడను గురి తప్పక కొట్టగలనని ఒకడు చెప్పుకొనగా, ఆ పాత్రయే తుపాకి పట్టి నీ గుండెకు గురిపెట్టియుండినచో నీ గురి నిలుచునా యని మరియొకడు ప్రశ్నించెనట. కాగితముమీద నష్టము వచ్చినప్పుడు చేయి వణకదు, అన్నము సహించకపోవుట యుండదు, భార్య ముఖము చూచుటకు సంకోచము కలుగదు. నిజమైన నష్టములో ఇవన్నియు కలుగును. ఆ సమయమున మనుష్యుడు తన నియమములను మరచి, పోయినదానిని తిరిగి రాబట్టవలెనని మరింత పెట్టును. లివర్మూర్ జీవితమే దీనికి సాక్ష్యము. 1907లోను, 1929లోను బజారు కూలినప్పుడు వాడు అపారముగా గడించెను. 1934లో అప్పులపాలై దివాలా దాఖలు చేసెను. 1940 నవంబరులో ఆత్మహత్య చేసికొనెను. బాల్యమునందలి ఆ పుస్తకము వానికి ధరలను చదువుట నేర్పినది గాని, చాలునని లేచుట నేర్పలేదు.

సాధన చేసినవాని కథ ఇది. ఇక సలహా చెప్పువారి సంగతి చూడుడు. 1929 నాటి పతనమును ఏ సలహాదారుడును ముందుగా సరిగా చెప్పలేకపోయెననిన బాధతో ఆల్ఫ్రెడ్ కౌల్సు అను అమెరికా ధనికుడు ఒక పరీక్ష తలపెట్టెను. తాను వాటాలు కొనలేదు. 1928 మొదలు 1932 నడిమి వరకు సలహా సంస్థలు ఏ వాటా కొనుమని చెప్పెనో దానిని కాగితముమీద కొన్నట్లు, ఏది అమ్ముమనెనో దానిని అమ్మినట్లు లెక్కగట్టించెను. పదునారు సంస్థలు చెప్పిన దాదాపు 7,500 సలహాలను ఇట్లు తూచి చూడగా, సగటు వాటాకన్న వారి ఫలితము ఏటికి నూటికి ఒకటిన్నర వంతు తక్కువగా తేలెను. బజారు పోకడను గూర్చి జోస్యము చెప్పిన 24 పత్రికలను వేరుగా పరీక్షించి, పేకముక్కలు కలిపి యాదృచ్ఛికముగా తీసిన జోస్యములతో పోల్చెను. పేకముక్కలే మేలనిపించెను. 1933లో ప్రకటింపబడిన ఈ పరిశోధన ఆ శాస్త్రమున నేటికిని గౌరవము పొందుచున్నది. కల్పిత ధనముయొక్క గొప్ప ఉపయోగము ఇందున్నది. ఎవని సలహానైనను పైసా ఖర్చులేక తూచవచ్చును. ఫోనులో ఎవడో ఫలానా వాటా కొనుమని నొక్కి చెప్పినప్పుడు, వాని మాటను ఆరు నెలలు చిట్టాలో వ్రాసి చూచిన చాలును.

1977లో అమెరికా పాఠశాలలలో స్టాకు మార్కెటు ఆట యను పోటీ మొదలయ్యెను. పిల్లలు జట్లుగా చేరి లక్ష డాలర్ల కల్పిత ధనముతో వాటాలు కొని, కొన్ని వారముల పిమ్మట ఎవరి సొమ్ము ఎక్కువ పెరిగినదో చూచుకొందురు. పిల్లలకు కంపెనీల పేర్లు, పత్రికలు చదువు అలవాటు, లెక్క తెలియుటకు అది మంచిదే. పోటీ యందు మాత్రము ఒక దోషము కలదు. ఓడినచో పోవునది లేదు, గెలిచినచో బహుమానము. అట్టిచోట ధనమంతయు ఒక్క సాహసపు వాటాలో వేసినవాడే మొదటివాడు కాగలడు. వాడు నేర్చుకొన్న పాఠము ఇంటికి వచ్చి నిజమైన సొమ్ముతో ఆచరించినచో ఏమగునో ఊహింపుడు. అందుచే సాధనకు బహుమానము పెట్టరాదు.

మన దేశమునకు వత్తము. 1943లో హైదరాబాదున స్టాకు ఎక్స్ఛేంజి ఏర్పడెను. తరువాతి కాలమున బజారంతయు యంత్రములమీదికి మారుటతో ఇట్టి ప్రాంతీయ బజార్లు మూతపడెను. 1988లో ఏర్పడి 1992లో చట్టబద్ధమైన అధికారములు పొందిన సెబీ యను సంస్థ నేడు ఈ బజార్ల మంచిచెడ్డలు చూచుచున్నది. ఆ సంస్థ 2024 సెప్టెంబరులో ఒక లెక్క ప్రకటించెను. ఫ్యూచర్సు, ఆప్షన్సు అను వ్యాపారములో 2021 ఏప్రిలు మొదలు 2024 మార్చి వరకు మూడు సంవత్సరములలో పాల్గొన్న కోటికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. వారందరి నష్టము 1 లక్ష 80 వేల కోట్ల రూపాయలకు మించినది. ఫ్యూచర్సు, ఆప్షన్సు అనగా ఏమి? కొద్ది బయానాతో పెద్ద బేరము చేయు వాయిదాల నేటి రూపమే. నేడు బజారునకు నియమములు, జామీనులు ఉన్నవి గనుక ఎక్స్ఛేంజి కూలదు. కూలునది ఒక్కొక్క ఇల్లు.

ఈ నష్టములను చూచి కల్పిత ధనముతో ఆడించు ఫోను ఆటలును కొన్ని బయలుదేరినవి. వానిలో కొన్నింట ప్రవేశమునకు నిజమైన రుసుము, గెలిచినవారికి నిజమైన బహుమానము. విద్య పేరిట వచ్చిన పందెపు బల్లయే యిది. 2024లో సెబీ ఇట్టి ఆటలకు నడుచుచున్న ధరలను ఇయ్యరాదని ఎక్స్ఛేంజిలను కట్టడి చేసి, అనుమతిలేని ఆటలలో పాల్గొనవలదని జనులను హెచ్చరించెను. 1905 నాటి అమెరికా తీర్పును మీరు జ్ఞాపకము చేసికొనుడు. నూటయిరువది సంవత్సరముల పిమ్మటను మందు ఒక్కటే.

ఇంతకును పిల్లవాడు ఏమి చేయవలెను? వానికి ఫోను ఆటతో పని లేదు. నాలుగు రూళ్ల పుస్తకము, నిన్నటి ధరలు చూపు దినపత్రిక చాలును. ఈ చిట్టాకు నా చేతనైన నియమములు కొన్ని చెప్పెదను.

కల్పిత ధనము కోటి యని వ్రాసికొనరాదు. నిజముగా ఇంట ఎంత యున్నదో అంతే వ్రాయవలెను. రెండు లక్షలవాడు కోటితో సాధన చేసినచో రాజు వేషము కట్టి వ్యవసాయము నేర్చుకొన్నట్లుండును.

ప్రతి పద్దునకు తేదీ, ధర, కొనుటకు కారణము ముందుగా వ్రాయవలెను. "ఎవరో చెప్పిరి" అనునదే కారణమైనచో అట్లే వ్రాయవలెను. కొట్టివేతలు పనికిరావు, కాగితము చింపరాదు. వారమున కొకసారి పెద్దవారు చూచి వ్రాలు చేయవలెను. పొకీప్సీలో ఉపాధ్యాయుడు చేసిన పని అదియే. అందుకు వాటాల శాస్త్రము తెలియనక్కరలేదు. తేదీ, కారణము, కూడిక, తీసివేత చూచిన చాలును.

కొన్నప్పుడు కనబడిన ధరకన్న కొంచె మెక్కువ, అమ్మినప్పుడు కొంచెము తక్కువ వ్రాయవలెను. దళారి రుసుమును, పన్నును తప్పక ఖర్చు వ్రాయవలెను. 1901లో లివర్మూర్ నేర్చిన పాఠమునకు ఇది మన వెల.

కాలము ఏడాదికి తగ్గరాదు. వానలు మెండుగా కురిసిన యేట ప్రతి రైతును తెలివిగలవాడే. బజారు పెరుగుచున్న కాలమున పిల్లవాని చిట్టా లాభము చూపుట వింతగాదు. అందుచే పడిన కాలపు ధరలతోను ఒకసారి లెక్కగట్టి చూపుమని అడుగుడు. 2020 జనవరిలో 42,000 చేరువన ఉన్న బొంబాయి సూచిక సెన్సెక్సు మార్చి 23వ తేదీన 26,000 లోపునకు దిగెను. ఆ రెండు నెలలలో నీవు కొన్న కంపెనీలకు ఏమి జరిగెను, నీవైనచో ఏమి చేసియుందువు అని అడుగుడు. జవాబు చెప్పుట కష్టమే. ఆ కష్టమును ఇంటి అరుగుమీద పడుట మేలు.

వాయిదా బేరములను చిట్టాలో విడిగా వ్రాయించి చూపుడు. పిల్లవాడు తనంత తానే వానిని విడిచిపెట్టుటకు అంతకన్న మంచి బోధ లేదు.

ఏడాది కడచిన పిమ్మట చిట్టా నష్టము చూపినచో పిల్లవానిని ఎగతాళి చేయకుడు. వాడు ఒక ఎకరమును కాపాడి తెచ్చినాడని సంతోషింపుడు. లాభము చూపినచో రెండు లక్షలును ఒక్కసారిగా ఇయ్యకుడు. పోయినను ఇంట అన్నమునకు, చదువునకు లోటు రానంత స్వల్పమైన సొమ్ము ఇచ్చి, అప్పు చేయనని మాట పుచ్చుకొనుడు. కాగితము నేర్పలేని భయమును ఆ స్వల్పధనము నేర్పును. చిట్టా వ్రాయుట మాత్రము అప్పుడును మానరాదు.

వాటాలలో సొమ్ము పెట్టుటయే పాపమని నేను చెప్పుటలేదు. మంచి కంపెనీలో దీర్ఘకాలము భాగస్వామిగా నుండుట ధాన్యపు మిల్లులో వాటా వంటిదే. ఇసుకలో దిద్దిన ఓనమాలు తాటాకుమీద గ్రంథము కావు. ఇసుకలోనే చేయి కుదరని బాలునికి గంటమిచ్చినచో తాటాకులు చిరిగెడివి. పొకీప్సీ బాలురకు తమది ఆట యని తెలియును. బొంబాయి పెద్దలకు అది తెలియలేదు. మన పిల్లలకు ముందుగా అది తెలియునట్లు చేయు భారము మీది. ఈసారి మనుమడు వచ్చి చేయి చాచినప్పుడు, మొదట ఒక పుస్తకమును కలమును వాని చేతనుంచుడు.